కార్ఖానా బంద్ రోజుల గోలీ

రెండు వేల ఇరవై రెండు, చలికాలం. బోధన్ బస్టాండు వెనక సందులో నా టైలరింగ్ దుకాణం. ఒకే గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, కొలతలు తీసుకోవడానికి మూలకు కట్టిన పూల తెర. చెరుకు కోతల రోజులు కాబట్టి రోడ్డు మీద నిండు ట్రాక్టర్లు పొద్దంతా పోతూనే ఉండేవి. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక మా చెరుకు దూరం పోతోంది. ట్రాక్టరు పోయిన ప్రతిసారీ బల్ల మీది కత్తెర సన్నగా అదిరేది.

నేను ఆడవాళ్ళ బ్లౌజులు మాత్రమే కుడతాను. చిన్నప్పుడు బడికి పోలేదు. మిషన్ పని వచ్చిన చాలా ఏళ్ళకు, నలభై దాటాక, మా గల్లీలో పెట్టిన పెద్దల బడిలో అక్షరాలు దిద్దాను. అప్పటిదాకా ఎవరి కొలతలు వాళ్ళ గుడ్డ మూలన సుద్దతో గీతలుగా పెట్టుకునేదాన్ని. ఇప్పుడు రాసుకుంటున్నాను. బ్లౌజులు కుట్టే పనిలో చెప్పుకునేంత ఏముంటుందని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ కోసమే గంగామణి సంగతి రాస్తున్నాను. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు మార్చమన్నది, మార్చాను.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు టేపుతో కొలతలు ఇవ్వరు. ఒంటికి సరిగ్గా పట్టే పాత బ్లౌజు ఒకటి తెచ్చి బల్ల మీద పడేస్తారు. దాన్ని ఆది అంటాం. కొత్త గుడ్డ మీద ఆదిని పరిచి, దాని ప్రకారం కత్తిరించడమే. ఒంటి మీద చెయ్యి వేయనక్కర లేదు, ఒంటి గురించి ఒక్క మాట అడగనక్కర లేదు. కాని రొమ్ము తీసేసిన వాళ్ళకు ఆది పనికిరాదు. ఒకవైపు డార్ట్ ఉండాలి. డార్ట్ అంటే ఎత్తు కోసం లోపల పట్టే మడత కుట్టు. ఇంకోవైపు లైనింగులో ఒక జేబు కుట్టి, అందులో ప్యాడ్ పెట్టాలి. ప్యాడ్‌ను వట్టి దూదితో చేస్తే తేలికైపోయి బ్లౌజు ఆ వైపు పైకి పాకుతుంది. అందుకని నేను దూది నడుమ చిన్న సంచిలో రాగులు పోసి బరువు తెస్తాను. ఉతికేటప్పుడు ప్యాడ్‌ను తీసి పక్కన పెట్టుకోవచ్చు. నిజామాబాద్ ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు ఈ పని చూసి, అక్కడికి వచ్చే వాళ్ళను నా దగ్గరికి పంపడం మొదలుపెట్టింది. గంగామణి అలా వచ్చింది.

యాభై దాటిన మనిషి. బోధన్‌కు దగ్గరి పల్లె. భర్త సాయిలు స్కూటర్ మీద తెచ్చి సందు మొదట్లోనే ఆగిపోయాడు. ఆమె తల మీద జుట్టు అప్పుడప్పుడే మొలకలేస్తోంది, దాని మీద కొంగు. లోపలికి రాగానే సంచిలోంచి పాత బ్లౌజు తీసి బల్ల మీద వేసింది.

"గిదే ఆది. దీని తీరుగనే కుట్టు. నాలుగు గుడ్డలు తెచ్చిన."

"ఇది ఆపరేషన్ ముందటిదా?"

"ముందటిదే. ఏమాయె? బట్ట మంచిగనే ఉన్నది గద."

"బట్ట మంచిగనే ఉన్నది చెల్లె. ఒళ్ళు మారింది. తెర ఎనుకకు రా, టేపు పెట్టాలె."

ఆమె కదలలేదు. "నువ్వు గట్లనే అంటవని నర్సమ్మ చెప్పింది. తిట్టి పంపుమని గూడ చెప్పిందా?"

"తిట్టుడు నా పనిల ఉన్నదే. దానికి అలగ్ పైసలు తీసుకోను."

మూతి బిగించి నవ్వింది. తెర వెనక్కు వచ్చింది.

ఆపరేషన్ కుడివైపు అయింది. చంకలో గడ్డలు కూడా తీసేయడంతో కుడి చెయ్యి ఎడమ చేతి కన్నా కొంచెం వాచి ఉంది. చేతి దగ్గర గుడ్డ ఎక్కువ విడవాలని గుర్తు పెట్టుకున్నాను. కొలతలయ్యాక ఆమె తన బ్లౌజు హుక్కులు పెట్టుకోవడానికి చాలాసేపు తిప్పలు పడింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయని చెప్పింది. నేనూ చలే అనుకున్నాను.

మొదటి బ్లౌజు తయారయ్యాక ట్రయల్‌కు వచ్చింది. తొడుక్కొని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ముందు నుంచి చూసుకుంది, పక్కకు తిరిగి చూసుకుంది. "రెండు దిక్కుల ఒక్క తీరే ఉన్నది," అన్నది. తర్వాత విప్పబోతే ఒక్క హుక్కూ రాలేదు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికే రావడం లేదు. నేనే విప్పాను.

"ఏమాయె చేతులకు?"

"ఇయ్యాల కార్ఖానా బంద్ గద. గోలీ ఏసుకున్న."

ఆ రెండు మాటలకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు.

గంగామణి బీడీలు చేస్తుంది. మా జిల్లాలో చెరుకు, పసుపు, వరి ఎంతో బీడీ కూడా అంతే. తునికాకు కత్తిరించి, తంబాకు, అంటే పొగాకు పొడి, పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టాలి. పల్లెల్లో ఆడవాళ్ళు అరుగు మీద గుంపుగా కూర్చొని, ఒళ్ళో చాట పెట్టుకొని ఈ పని చేస్తారు. కార్ఖానా వాళ్ళు నెల పొడుగునా పని ఇవ్వరు. కొన్ని రోజులు ఆకు, తంబాకు ఇస్తారు, మిగతా రోజులు బంద్. ఇక గోలీ సంగతి. ఆపరేషన్, కీమో, హైదరాబాద్‌లో కరెంటు పెట్టించుకోవడం, అంటే రేడియేషన్, అన్నీ అయ్యాక నిజామాబాద్ డాక్టరమ్మ ఆమెకు రోజుకొక గోలీ రాసింది. పేరు లెట్రోజోల్. ఐదేళ్ళు వేసుకోవాలి. దీన్ని హార్మోన్ థెరపీ అంటారు. గంగామణికి వచ్చిన గడ్డ, ఒంట్లో తయారయ్యే ఆడ హార్మోన్ బలంతో పెరిగే రకం. ఆ హార్మోన్‌ను తగ్గిస్తే రోగం తిరగబెట్టే ప్రమాదం తగ్గుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమె చెప్పింది ఇది.

"ఆ గోలీతోని వేళ్ళు కట్టెలైతున్నయ్ అక్కా. పొద్దుగాల పిడికిలి పట్టరాదు. అందుకే కార్ఖానా ఉన్ననాడు ఏసుకోను. బంద్ ఉన్ననాడు ఏసుకుంట."

"డాక్టరమ్మ చెప్పిందా గట్ల ఏసుకొమ్మని?"

"ఆమెకేం ఎరుక బీడీల సంగతి?"

"మరి ఆమె అడిగితే ఏం చెప్తున్నవ్?"

"ఏసుకుంటున్న అంట. అబద్ధమా? ఏసుకుంటనే ఉన్న గద."

ఇద్దరు కోడళ్ళకు సమంగా పంచిన అత్తలాగా చెప్పింది. మందుకు దాని రోజులు, పనికి దాని రోజులు. ఎవరికీ అన్యాయం చేయలేదని ఆమె నమ్మకం.

"సాయిలుకు తెలుసా?"

"తెల్వది. చెప్పకు."

"జర తక్కువ చేస్తే ఏమైతది బీడీలు?"

అప్పుడు ఆమె తెర పక్కన ఉన్న స్టూలు మీద కూర్చుంది. "హైదరాబాద్ నుంచి ఒచ్చేసరికి అరుగు మీద నా జాగ అట్లనే ఉంచిండ్రు అక్కా. నా చాట ఎవలు ముట్టలే. గుండు మీద తువ్వాల కట్టుకొని పోయి కూసున్న. మొదటి రోజు ఎవలు మాట్లాడలే. నన్నే సూసుడు. నా చేతులు ఉరికినంక మాటలు మొదలైనయ్. మా గల్లీల నా అంత జల్ది చేసేటోళ్ళు లేరు. గిప్పుడు నేను నెమ్మదైతే ఏమంటరు? పాపం అంటరు. గా పాపం అనుడే నాకు పడది."

డబ్బు గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆ అరుగు మీద కూర్చున్నప్పుడే ఆమె రోగి కాకుండా పోతుంది. గోలీ ఆమెను మళ్ళీ రోగిని చేస్తోంది. నాకు అర్థమైంది అదే.

కొలతల తెర వెనక విన్న మాట తెర దాటకూడదు. ఈ పనిలో నేను ఎన్నడూ తప్పని కట్టు అది. కోడలి కడుపు సంగతి అత్తకు చెప్పను, అత్త గడ్డ సంగతి కోడలికి చెప్పను. కాబట్టి సాయిలుకు చెప్పలేను, నర్సుకు ఫోన్ చేయలేను. రోజూ వేసుకోమని గట్టిగా చెప్పడానికి నేను డాక్టర్‌ను కాను. ఆ వేళ్ళు నావి కావు. కాని ఊరుకోవడం కూడా నా వల్ల కాదు. ఆమె ప్రాణం మీది నిర్ణయం ఎవరికీ తెలియకుండా కార్ఖానా తాళం ప్రకారం నడుస్తోంది. డాక్టరమ్మకు ఆ మాట చెప్పాలి, చెప్పాల్సింది గంగామణే. ఆమె నోటితోనే చెప్పించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మిగతా మూడు బ్లౌజుల కోసం ఆమె వచ్చింది. హుక్కులు కాలేదు, రేపు రమ్మన్నాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ రేపన్నాను. ఆ తర్వాత వచ్చినప్పుడు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"హుక్కులు కుట్టనీకె గిన్ని దినాలా? నాకు తెల్వదనుకున్నవా?"

"డాక్టరమ్మకు చెప్పి రా. ఆ పొద్దే కుట్టిస్త."

"బెదిరిస్తున్నవా?"

"టైలర్లు గిట్లనే చేస్తరు. ఊరందరికి ఎరుకే."

"పోలీసోళ్ళు నయం నీకన్న." లోపలికి వచ్చి కూర్చుంది. కాసేపు చీర అంచు చూసుకుంది. "చెప్తే ఆమె తిడుతది."

"తిడితే సగం నేను పడత. నడువు."

"నువ్వొస్తవా?"

"దుకాణం బందు పెట్టి వస్త."

నాలుగు రోజుల తర్వాత ఇద్దరం నిజామాబాద్ బస్సెక్కాం. దారి పొడుగునా ఏం చెప్పాలో నాతో రెండుసార్లు చెప్పించుకుంది, తనూ చెప్పింది. తీరా లోపలికి పోయాక, "ఎలా ఉన్నారమ్మా, గోలీలు వేసుకుంటున్నారా?" అని డాక్టరమ్మ అడగగానే, "ఏసుకుంటున్న మేడం, అంతా మంచిగున్నది," అనేసింది. అలవాటైన జవాబు అలవాటుగా వచ్చేసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె గోడ వైపు చూసింది. డాక్టరమ్మ అదే గోలీ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. నేను మోచేత్తో పొడవలేదు, గొంతు సవరించలేదు. అక్కడిదాకా తేవడం నా పని, అక్కడి నుంచి ఆమెదే.

కాగితం సగమయ్యాక గంగామణి దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఆగుండ్రి మేడం. నేను సక్కగ ఏసుకుంటలేను."

అంతా చెప్పింది. కార్ఖానా, బంద్, వేళ్ళు, అరుగు. డాక్టరమ్మ వయసులో చిన్నది, బయట జనం బారు కట్టి ఉన్నారు. అయినా కలం పక్కన పెట్టి విన్నది. గంగామణి పిడికిలి పట్టించి చూసింది, ఒక్కో వేలూ నొక్కి చూసింది.

"ఈ మందు వేసుకున్న రోజే పని చేసి, మర్నాటికి పోయేది కాదమ్మా. ఒంట్లో కొన్ని రోజులు ఉంటుంది. ఒకరోజు మానితే నొప్పి పోదు. ఇన్ని రోజులు మానితే మందు పని పూర్తి కాదు. నొప్పి నొప్పిగానే ఉంది, రక్షణ తగ్గింది."

"అంటే రెండు దిక్కుల నష్టమేనా?"

"అంతే."

"గింత తెలివి పెట్టి గీ పని చేసిన్నా," అన్నది గంగామణి నాతో. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. ఏసుకోకుంటే సస్తనా?"

"అలా చెప్పలేను. వేసుకోని వాళ్ళందరికీ తిరిగి రాదు. వేసుకున్న వాళ్ళలోనూ కొందరికి వస్తుంది. కాని మీకు చంకలో గడ్డలకు కూడా పాకింది కదా. అలాంటి వాళ్ళకు ఈ మందుతో లాభం ఎక్కువ. నన్నడిగితే వేసుకోమనే అంటాను. మింగేది మాత్రం మీరు."

దారులు ఏమున్నాయో కూడా చెప్పింది. మొదట కొన్ని వారాలు గోలీ పూర్తిగా ఆపి చూడటం, డాక్టరమ్మకు తెలిసే. అప్పుడు వేళ్ళు వదులైతే నొప్పి మందుదే అని తేలుతుంది. తర్వాత టమాక్సిఫెన్ అని వేరే గోలీ ఉంది, అది కీళ్ళను సాధారణంగా ఇంతగా పట్టదు. కాని దానికీ చిక్కులున్నాయి. ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయి. అరుదుగా కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, గర్భసంచి లోపలి పొర చెడుతుంది. పిక్క వాచినా, రక్తం కనిపించినా ఆగకుండా రావాలి. అది వద్దనుకుంటే పాత గోలీనే వేసుకుంటూ నొప్పికి వ్యాయామం, మందులు చూడొచ్చు. ఏదీ వద్దనుకోవడం కూడా ఒక దారే. "ఏదైనా నాకు చెప్పి చేయండి. దాచి చేస్తే నేను మీకు పనికిరాను," అన్నది.

తిరుగు బస్సు ఎడపల్లి దాటింది.

"తిట్టలే," అన్నది గంగామణి.

"మంచిదే గద."

"ఏం మంచిది? తిడితే కోపమొచ్చి గోలీలు బయట పారేస్తుంటి. గిప్పుడు భారమంత నా మీదికే ఒచ్చింది."

ఆ సాయంత్రమే హుక్కులు కుట్టాను. మామూలువి కాకుండా పెద్దవి, వేలు కొసతో నెట్టినా పడేవి పెట్టాను. చూసి, "ముసలిదాన్ని చేసినవ్ పో," అని తీసుకుపోయింది.

డాక్టరమ్మ చెప్పినట్టు కొన్ని వారాలు గోలీ ఆపి చూసింది. తర్వాత దుకాణానికి వచ్చి నా ముఖం ముందు పిడికిలి పట్టి చూపించింది. గట్టి పిడికిలి. వెనకే సాయిలు కూడా లోపలికి వచ్చాడు. ఆడవాళ్ళ దుకాణంలో అతను అడుగు పెట్టడం అదే మొదలు. ఆమె ఇంట్లో అంతా చెప్పేసిందని అప్పుడే తెలిసింది. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఇక గోలీ వేసుకునేదీ లేనిదీ చెప్పాలి.

"ఇడిసిపెట్టుమంటున్న అక్కా," అన్నాడు సాయిలు కూర్చోకుండానే. "ఆపరేషనాయె, కీమో ఆయె, కరెంటు పెట్టిండ్రు. ఇంకెంత పెడతరు? పొద్దుగాల గలాస పట్టరాక నీళ్ళు ఒలకబోసుకుంటుంటే సూసినోణ్ణి నేను."

"సూసినోనివి నువ్వు. పట్టరానిది నాకు," అన్నది గంగామణి.

"నువ్వన్న చెప్పక్కా. ఆడోళ్ళ మాట ఆడోళ్ళు ఇంటరు."

"నేను జాకెట్లు కుట్టేదాన్ని తమ్మీ. దవాఖానకు తోలుకపోవుడు నాతోని అయింది. దాని ముంగట నాకు తొవ్వ తెల్వది."

గంగామణి బల్ల మీది గుడ్డముక్కలు ఒక పక్కకు జరుపుతూ మాట్లాడింది, మాతో కాకుండా ఆ ముక్కలతో చెప్తున్నట్టు.

"నిన్న అరుగు మీద ఎప్పటిలెక్క చేసిన. మునుపటి తీరుగ చేతులు ఉరికినయ్. మస్తు సంబురమైంది. పక్కపొంటి కూసున్నామె సల్లగ అన్నది, ఇగ నీకు అంతా పోయినట్టే గదనే అని. అవునన్న. అన్న గని గుండెల రాయి పడ్డది. పోయిందని నాకెట్ల ఎరుక? చేతులు మంచిగైనయని ఎరుక. గంతే."

సాయిలు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తింది.

"ఇను. రోగం ఒచ్చేటప్పుడు నన్ను అడిగి రాలే. ఆపరేషన్‌కు సంతకం పెట్టుమన్నరు గని, వద్దననీకె జాగ లేకుండె. గీ ఒక్క దానికి నన్ను అడిగిండ్రు, ఏసుకుంటవా అని. ఏసుకుంట. కొత్త గోలీ ఏసుకుంట, రోజు ఏసుకుంట, కార్ఖానా ఉన్నా లేకున్నా. అది పడకుంటే పోయి ఇంకోటి అడుగుత. ఇడిసిపెట్టుడే అయితే డాక్టరమ్మ ముంగట కూసొని ఇడిసిపెడుత. దాసుకొని చేసుడు బందు."

"చేతులు మళ్ళ పట్టుకుంటే?"

"పట్టుకుంటే నువ్వు నీళ్ళు అందియ్యి. ఒలకబోసుకుంటుంటే సూసుకుంట కూసుంటవా?"

సాయిలు తల దించుకొని నవ్వాడు. తర్వాత తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. నేను మిషన్ సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

కొత్త గోలీ ఆమె చేతులను పాతదానిలా కట్టెయ్యలేదు. కాని పూర్తిగా వదల్లేదు కూడా. పొద్దున కొంతసేపు వేళ్ళు మొద్దుగా ఉంటాయి. ఇక ఆవిర్లు మొదలయ్యాయి. ఎండాకాలం వచ్చేసరికి ఒంట్లో పొయ్యి రాజేసినట్టుందని చెప్పింది. లైనింగు మార్చి పలుచటి మల్‌మల్ వేశాను. ప్యాడ్ జేబు వెనక గుడ్డ మాత్రం రెండు పొరలు ఉంచాను, చెమటకు రాగులు తడవకుండా. ఆ వేసవిలో కుట్టిన బ్లౌజులు ఇవ్వడానికి వాళ్ళ పల్లెకు పోయాను.

గంగామణి అరుగు మీద, చాట ఒళ్ళో పెట్టుకొని ఉంది. అప్పటిదాకా ఆమె తన బీడీని ఆకు కత్తిరింపు నుంచి దారం కట్టేదాకా తానే చేసేది. ఇంకొకరి చెయ్యి పడితే అది తన బీడీ కాదనేది. ఆ రోజు చూస్తే ఆమె చుట్టి ఇస్తోంది, పక్కనామె మూతులు మలుస్తోంది. ఎవరూ అడగకముందే తానే చెప్పిందట, ఈ గోలీ వేసుకున్నన్నాళ్ళు పొద్దున పూట మూతి మలచడం తనతో కాదని, బదులుగా ఎండెక్కాక వాళ్ళకు ఆకు కత్తిరించి ఇస్తానని.

"నీ బీడీలకు నేను మూతులు మలుస్తున్న. కార్ఖానల నా పేరు చెప్తవా?" అన్నది పక్కనామె.

"చెప్త. మంచిగ లేవని పక్కకు పడేసిన బీడీలు ఎవలు మలిచిండ్రు అంటే నీ పేరే చెప్త."

"చేతులు పోయినయ్ గని నోరు పోలే నీది."

"నోటికి గోలీ రాయలే డాక్టరమ్మ."

అరుగంతా నవ్వింది. పాపం అన్న మాట ఎవరి నోటా వినిపించలేదు.

ఆ తర్వాత నా దగ్గరికి ఇలాంటి వాళ్ళు చాలామందే వచ్చారు. కొందరు గోలీ వేసుకుంటున్నారు, కొందరు డాక్టరుతో మాట్లాడి మానేశారు, ఒకామె ఎముకల బలహీనత వల్ల మందు మార్చుకుంది. వేసుకోమని గాని, వద్దని గాని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో నిజంగా ఎలా వేసుకుంటున్నారో ఆ నిజాన్ని డాక్టరుకు చెప్పారా అని మాత్రం అడుగుతాను. చెప్పకపోతే ఎప్పుడు పోదామని అడుగుతాను.

గంగామణి దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. గోలీ వేసుకోవాలా వద్దా అన్నది ఒక్క రోజు కూర్చొని తేల్చుకునే విషయమని, ఆ రోజు నా దుకాణంలో తేలిపోయిందని చాలాకాలం అనుకున్నాను. ఈ మధ్య ఆమె మనవరాలి పుట్టిన రోజుకు కొత్త బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు అదే అన్నాను.

"మంచిగ గట్టిగ నిలబడ్డవ్ చెల్లె. ఒక్కసారి ఏసుకుంట అన్నవ్, అయిపోయింది."

"యాడ అయిపోయింది?" అన్నది. "పొద్దుగాల లేస్తే వేళ్ళు వద్దంటయ్. రోజు వాటితోని పంచాదే. ఇయ్యాల్టికి ఏసుకున్న. రేపటి సంగతి రేపు పొద్దుగాల అడుగు."